అతిథులు కాదు, ఇంటివాళ్ళు: కొల్లేరు గురించి మనం రాసే తీరు

ఇంట్లో సరుకుల చీటీ పెరిగినా, ఆఫీసులో బగ్గుల జాబితా పెరిగినా తెలుగువాడి నోట వచ్చే మాట ఒకటే: "కొల్లేటి చాంతాడంత ఉంది". కొల్లేరు ఎక్కడుందో తెలియని మన పిల్లలు కూడా అమ్మ నోట విని ఈ మాట అనేస్తుంటారు. ఇది ఎలా పుట్టిందో రకరకాలుగా చెప్తారు, ఆ చర్చ ఇక్కడ వద్దు. అంతు లేదని చెప్పడానికి తెలుగువాడు ఒక సరస్సు పేరు ఎంచుకున్నాడన్నది మాత్రం గుర్తుపెట్టుకుందాం. ఎందుకంటే ఇవాళ ఆ సరస్సు గురించి మనం చేసే వాదనంతా దాన్ని ఎన్నో అడుగు దగ్గర ఆపాలన్నదాని మీదే నడుస్తోంది.

ఇది పక్షిశాస్త్ర వ్యాసం కాదు. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. సాహిత్య సంఘం సంచికకి రాస్తున్నాను కాబట్టి మాటల గురించే రాస్తాను. పత్రికల వార్తలూ, ప్రభుత్వ కాగితాలూ, మన సావనీర్లలో వచ్చే ఊరి జ్ఞాపకాలూ తిరగేస్తే కొల్లేరు విషయంలో మూడు మాటలు పదే పదే ఎదురవుతాయి. ఒకటి "విదేశీ అతిథులు". రెండు "ఐదో కాంటూరు". మూడు "పక్షులు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?". ఈ మూడూ మనల్ని తప్పుదారి పట్టిస్తున్నాయని నా అభియోగం. మాట తప్పయితే మామూలుగా ఒక వ్యాసం చెడుతుంది, అంతే. కానీ ఇక్కడ దేన్ని కాపాడాలి, ఎంత కాపాడాలి అన్నది ఈ మాటల మీదే తేలుతోంది.

ముందు కొల్లేరు పనిచేసే పద్ధతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కృష్ణా, గోదావరీ ఒండ్రు తెచ్చి పోసి చెరో డెల్టా కట్టుకున్నాయి. ఆ రెండిటి మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏళ్ళూ, రెండు డెల్టాల మురుగు కాలవలూ వచ్చి దాంట్లో కలుస్తాయి. బయటికి, సముద్రంలోకి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వచ్చే దారులు ఎక్కువ, పోయే దారి ఒకటి. అందుకని వానాకాలంలో సరస్సు పరుచుకుంటుంది, వేసవిలో ముడుచుకుంటుంది. మా వృత్తిలో ఇలాంటిదాన్ని బఫర్ అంటారు. ఒక్కసారిగా వచ్చి పడిన సరుకుని కాసేపు తన దగ్గర పెట్టుకుని నెమ్మదిగా వదిలేది. మామూలు రోజుల్లో ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ "ఇది వృథా, తీసేద్దాం" అంటాడు.

ఈ పరుచుకోవడం, ముడుచుకోవడమే అక్కడి ప్రాణులకి ఆధారం. లోతు లేని నీళ్ళలో అయితేనే కొంగ నిలబడి చేపని పట్టగలదు. నీళ్ళు తీసిన బురదలో ఉల్లంకి పిట్టలు పురుగులు ఏరుకుంటాయి. కిక్కిస దుబ్బుల్లో నీటికోళ్ళు గూళ్ళు పెడతాయి. కొర్రమేను, మార్పు లాంటి చేపలు గాలి పీల్చగలవు కాబట్టి, నీళ్ళు తగ్గిన బురద గుంటల్లో కూడా బతికి మళ్ళీ వాన పడేదాకా ఓపిక పడతాయి. తాటిదోనె వేసుకుని, మావులు పెట్టి ఆ చేపల్ని పట్టుకునే లంక గ్రామాల వాళ్ళ ఏడాది కూడా ఆ నీటి లెక్క ప్రకారమే నడిచేది.

చేపల చెరువు దీనికి సరిగ్గా ఎదురు. చుట్టూ ఎత్తయిన గట్టు, ఏడాది పొడుగునా దాదాపు ఒకే లోతు నీళ్ళు, అందులో బొచ్చె, శీలావతి, వాటికి తవుడు మేత. వరద వస్తే గట్టు దాన్ని లోపలికి రానివ్వదు. ఆకాశం నుంచి ఫొటో తీస్తే సరస్సూ నీళ్ళే, చెరువూ నీళ్ళే. నీళ్ళు ఉన్నాయి కదా, ఇంకా పక్షులకి ఏం తక్కువయింది అని అడిగేవాళ్ళకి జవాబు ఇక్కడుంది. ప్రాణికి కావలసింది నీళ్ళు ఒక్కటే కాదు, నీళ్ళు వచ్చిపోయే పద్ధతి.

ఇక మొదటి మాట సంగతి చూద్దాం.

చలికాలం వచ్చిందంటే పత్రికల్లో ఒక వార్త తప్పనిసరి. సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చిన అతిథులు, విదేశీ విహంగాల విడిది, ఇలాంటి శీర్షికలు. కింద ఫొటోలో చాలాసార్లు ఉండేది గూడబాతు, అంటే పెలికాన్. లేకపోతే ఎర్రకాళ్ళ కొంగ. చిక్కేమిటంటే ఈ రెండూ సైబీరియా పక్షులు కావు. మన కొల్లేటి గూడబాతు గూళ్ళు పెట్టేది భారతదేశం, శ్రీలంక, కంబోడియా లాంటి దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతాల్లోనే. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి బాతులూ, ఉల్లంకులూ వచ్చే మాట నిజమే, వాటిని అతిథులనొచ్చు. కానీ గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లని సాకే పక్షి అతిథి ఎలా అవుతుంది? దానికి ఇదే పుట్టిల్లు, ఇదే మెట్టినిల్లు.

కె.కె. నీలకంఠన్ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు 1946లో కొల్లేటి దగ్గర ఆరేడు అనే చోట గూడబాతులు గూళ్ళు పెట్టుకునే పెద్ద స్థావరాన్ని చూసి, దాని గురించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. తర్వాత ఆయనే "ఇందుచూడన్" పేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద పుస్తకం రాసి, ఆ భాషలో ఒక తరానికి పక్షుల్ని పరిచయం చేశారు. ఆయన చూసిన ఆ స్థావరం 1970ల నాటికి లేకుండా పోయింది. మన పక్షుల పుట్టిల్లు పోయిన సంగతి తెలుగువాళ్ళకి పెద్దగా గుర్తులేదు. గుర్తెందుకు ఉంటుంది? అతిథి ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు వస్తాడులే అనుకుంటాం.

అతిథి అన్న మాటకి ఇంకో పర్యవసానం ఉంది. అతిథికి బస ఏర్పాటు చేస్తే సరిపోతుంది. కైకలూరు పక్కన ఆటపాకలో జరిగింది అదే. గూళ్ళు పెట్టుకోవడానికి చెట్లు లేకపోతే అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతారు. గూడబాతులు వాటి మీదే గూళ్ళు పెట్టుకుంటున్నాయి. ఆ పని చేసినవాళ్ళని నేను వేళాకోళం చెయ్యను. ఉన్నంతలో చెయ్యగలిగింది చేశారు, పిల్లలు పుడుతున్నాయి. కానీ ఆ స్టాండ్ల ఫొటో వేసి "పక్షుల స్వర్గం" అని రాసే విలేఖరి ఒక్క ప్రశ్న వెయ్యడు: చెట్లేమయ్యాయి?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆటపాకలో గూడబాతులు వేలల్లో కనిపిస్తున్నాయి కదా, మరి బాధేమిటి అంటారు. అంతర్జాతీయ జాబితాల్లో కూడా ఈ పక్షిని ఇప్పుడు తీవ్రమైన ముప్పులో ఉన్నవాటి కింద కాక, ముప్పుకి చేరువలో ఉన్నవాటి కింద లెక్కేస్తున్నారు. సంతోషించాల్సిందే. కానీ గూడబాతుది పెద్ద ముక్కు, పెద్ద ఆకలి. చేపల చెరువుల మీద పడి కూడా బతకగలదు, రైతు టపాకాయలు పేల్చి తోలుతున్నా సరే. బురదలో ఏరుకునే పిట్టకీ, కిక్కిసలో గూడు పెట్టే పిట్టకీ ఆ వెసులుబాటు లేదు. ఒక పక్షి లెక్క చూపించి సరస్సు బాగుందనడం, సర్వర్ ఆన్‌లో ఉంది కాబట్టి ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందని అనడం లాంటిది.

పల్లెటూరి భాష ఈ విషయంలో పత్రికల భాషకన్నా నిక్కచ్చిగా ఉంది. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా ఈ పక్షులు వస్తేనే ఊరికి మంచిదని నమ్మకం. ఆడపిల్ల అన్న మాటలో హక్కు ఉంది, అతిథి అన్న మాటలో మర్యాద మాత్రమే ఉంది. ఈ తేడా మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వీసా మీద బతికిన ప్రతివాడికీ మర్యాదకీ హక్కుకీ ఎంత దూరమో తెలుసు.

రెండో మాట కాంటూరు. సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అని గీసిన గీత. ఐదో కాంటూరు, అంటే ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లని 1999లో రాష్ట్ర ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ జాబితాలో కొల్లేటి విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. అది పదో కాంటూరు దాకా ఉన్న సరస్సు. రెండూ సర్కారు వారి లెక్కలే. ఒకే పేరుతో రెండు సరస్సులు, ఒకటి రెండోదానికి సుమారు మూడు రెట్లు. ప్రపంచానికి చూపించేటప్పుడు పెద్దది, కాపలా కాసేటప్పుడు చిన్నది.

ఆ చిన్నది కూడా ఎక్కువేనని 2008లో రాష్ట్ర శాసనసభ మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. అదే జరిగితే అభయారణ్యం సగం కంటే తక్కువకి పడిపోతుంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం ఐదునే ఉంచాలని చెప్పింది. అప్పట్నుంచీ ఐదా, మూడా అన్న మాట ఎన్నికలప్పుడల్లా లేస్తూనే ఉంది. సంతలో గేదెకి బేరమాడినట్టు ఉంటుంది ఈ వాదన. నేల మీది గీతని శాసనసభ జరపగలదు. నీళ్ళని జరపలేదు. పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్ళు తీర్మానం చదివి మూడో కాంటూరు దగ్గర ఆగవు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు నీళ్ళలో ఉన్నప్పుడు మనలో చాలామందిమి రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఆ వరదకి కారణాలు చాలా ఉన్నాయి: కుండపోత వాన, తెగిన గట్లు, ఏటి దారిలో లేచిన ఇళ్ళు. అన్నీ కొల్లేటి మీద రుద్దడం నా ఉద్దేశం కాదు. కానీ బుడమేరు చివరికి చేరాల్సిన చోటు కొల్లేరు. చేరే చోట జాగా లేకపోతే వచ్చే దారిలో నీళ్ళు నిలుస్తాయి. ఇది పక్షుల ప్రేమికుల వాదన కాదు, ఆరో తరగతి లెక్క.

ఇదంతా మన దేశంలో జరిగే అడ్డగోలు వ్యవహారమనీ, ఇక్కడ అమెరికాలో ఇలా ఉండదనీ అనుకునేవాళ్ళు ఒకసారి కాలిఫోర్నియా చూడాలి. శాన్ వాకీన్ లోయలో టులారే అనే పెద్ద సరస్సు ఉండేది. యోకుట్స్ తెగల వాళ్ళు దాని చుట్టూ బతికారు, లెక్కలేనన్ని నీటిపక్షులు వాలేవి. ఏళ్ళ నీళ్ళు మళ్ళించి, గట్లు కట్టి, ఆ సరస్సుని పత్తి పొలాలూ, పెద్ద పెద్ద కమతాలూ చేశారు. పటంలోంచి కూడా పోయింది. 2023లో వానలూ, కొండల మీది మంచూ ఎక్కువై లక్ష ఎకరాల పైచిలుకు మళ్ళీ సరస్సయి కూర్చుంది. పక్షులు కూడా తిరిగొచ్చాయి. మనిషి మర్చిపోయినా పల్లానికి గుర్తుంటుంది.

మూడో మాట అన్నిటికన్నా బలమైనది: పక్షులు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా? 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో "ఆపరేషన్ కొల్లేరు" మొదలై, పొక్లెయిన్లు పెట్టి చెరువుల గట్లు తెంచినప్పుడు ఈ ప్రశ్న ఊరూరా వినిపించింది. ఈ ప్రశ్న అబద్ధమని కొట్టిపారేస్తే అన్యాయమవుతుంది. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతులున్నారు, డి-ఫారం పట్టాలున్న పేదలున్నారు. అభయారణ్యమని గీత గీసిన రోజున వాళ్ళకి ఇవ్వాల్సింది లెక్కకట్టి ఇవ్వకపోవడం ప్రభుత్వాల తప్పు. అజీజ్ కమిటీ కూడా సొంత భూముల సంగతి పరిహారంతో తేల్చమంది.

కానీ "మనుషులు" అన్న మాట దగ్గర ఆగి, ఎవరా మనుషులని అడగాలి. అక్కడ కనీసం నలుగురున్నారు. మొదటివాడు మావులు పెట్టుకుని చేపలు పట్టే లంక గ్రామం మనిషి. అతనికి సరస్సు సరస్సుగా ఉండాలి, గట్టు లేస్తే అతని జీవనం పోయినట్టే. రెండోవాడు 1970ల్లో ప్రభుత్వం పెట్టించిన సహకార సంఘంలో సభ్యుడు. చెరువు కాగితం అతని పేరున ఉంటుంది, ఏడాదికింత అని కౌలు అందుతుంది. మూడోవాడు ఆ చెరువు లీజుకి తీసుకుని సాగుచేసేవాడు. నాలుగోవాడు ఎక్కడో ఊళ్ళో కూర్చుని పెట్టుబడి పెట్టేవాడు. "పక్షులా, మనుషులా" అన్నప్పుడు ఫొటోలో మొదటివాణ్ణి నిలబెడతారు, లాభనష్టాలు నాలుగోవాడివి. నిజానికి ఆ మొదటి మనిషీ, పక్షీ ఒకే పక్షంలో ఉన్నారు. ఇద్దరికీ కావలసింది పరుచుకుని ముడుచుకునే నీళ్ళే.

ఇప్పుడు మన సావనీర్ల సంగతి. దండి దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడు చెప్పే కథలో ఆంధ్రనగరి, దాని దగ్గర సముద్రమంత సరస్సు వస్తాయి. అది కొల్లేరేనని చెప్పే పండితులున్నారు. ఆ కథ మొత్తం, పెదవి నొప్పిగా ఉందని, పెదవులు కలిసే అక్షరాలు లేకుండా చెప్తాడు మంత్రగుప్తుడు. ప, బ, మ వినబడవు. మనమూ కొల్లేటి కథని అలాగే కొన్ని అక్షరాలు మింగేసి చెప్తున్నామని నాకనిపిస్తుంది. కలువలుంటాయి, తాతగారి దోనె ఉంటుంది, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం ఉంటుంది. చివరి పేరాలో "ఆ కొల్లేరు ఇప్పుడు లేదు", "కబ్జాకి గురైంది", "కలుషితమైపోయింది" అని ఉంటుంది. ఏ వాక్యానికీ కర్త ఉండడు. చిన్నప్పుడు తెలుగు మాస్టారు కర్త, కర్మ, క్రియ అని దండం పట్టుకుని నేర్పింది ఇందుకేనేమో. ఎవరు తవ్వారు? ఎవరి డబ్బుతో?

కైకలూరు, ఆకివీడు, భీమవరం, ఏలూరు చుట్టుపక్కల నుంచి ఈ దేశం వచ్చినవాళ్ళు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. చేపల డబ్బు కాలేజీ ఫీజయింది, హాస్టలు ఖర్చయింది, విమానం టిక్కెట్టయింది. పట్టుబడి బాగుంటే సెమిస్టరు ఫీజు టైముకి వచ్చేది, వైరస్ వస్తే ఆలస్యమయ్యేది. మా కాలేజీ హాస్టల్లో ఇది అందరికీ తెలిసిన లెక్క. తర్వాత ఇక్కణ్ణుంచి డాలర్లు అటు వెళ్ళి కొన్ని కొత్త చెరువులయ్యాయి. అన్ని చెరువులూ అక్రమం కావు. ఐదో కాంటూరుకి బయట చట్టబద్ధంగా సాగుచేసేవాళ్ళు బోలెడంతమంది. చేపల సాగు వేలమందికి అన్నం పెట్టిందనేదీ నిజం. అందుకే దీన్ని తిట్టుగానో, పశ్చాత్తాపంగానో రాయమని నేననను. కర్తని పెట్టి రాయమంటాను.

ఆ పని చెయ్యొచ్చని చూపించిన పుస్తకం ఒకటుంది. అక్కినేని కుటుంబరావుగారి నవల "కొల్లేటి జాడలు". సరస్సుతో కలిసి బతికిన ఊరి జీవితాన్నీ, ఆ సరస్సు దెబ్బతినడాన్నీ ఒకే పుస్తకంలో పెట్టారాయన. వసంత కన్నబిరాన్‌గారు ఇంగ్లీషులోకి తెచ్చారు కాబట్టి, తెలుగు చదవడం రాని మన పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. "మా ఊరు" అని వ్యాసం రాయబోయే ప్రతివారూ ముందు అది చదివితే మన సంచికల్లో జ్ఞాపకాల పాలు తగ్గి, విషయం పాలు పెరుగుతుంది.

2006లో తెంచిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. ఆ ఆదేశాల అమలు మీద 2025లో కూడా సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. అంటే ఇది ముగిసిపోయిన కథ కాదు, మనం సంతాపం రాయాల్సిన అవసరం ఇంకా రాలేదు. గీత ఎక్కడుండాలో కోర్టులూ, ప్రభుత్వాలూ తేలుస్తాయి. రాసేవాళ్ళ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. గూడబాతుని అతిథి అనడం మానెయ్యొచ్చు. కాంటూరు అంకె రాసిన ప్రతిసారీ ఆ అంకె దగ్గర ఎన్ని చదరపు కిలోమీటర్ల సరస్సు మిగులుతుందో పక్కన రాయొచ్చు. "మనుషులు" అని రాసినప్పుడు ఆ నలుగురిలో ఎవరో చెప్పొచ్చు.

ఇక చదివేవాళ్ళ చేతిలో ఉన్నది ఒకటుంది. ఇంటి నుంచి ఈసారి ఫోను వచ్చి, ఫలానా చోట చెరువు లీజుకొస్తోంది, కాస్త డబ్బు సర్దమని బావగారో బాబాయిగారో అడిగితే, రేటు అడిగే ముందు ఒక్క మాట అడగండి: ఆ సర్వే నంబరు ఎన్నో కాంటూరులో ఉంది?